బీటిల్ ఛాసీ కిట్ కారులో సుబారు ఇంజిన్: నీళ్లకు దారి ముందు, బోల్టులు తర్వాత

పాత ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ ఛాసీ మీద ఫైబర్ బాడీ దింపి కొత్త కారు చేసుకునే పిచ్చికి పెద్ద ఊపు 1960లలో కాలిఫోర్నియాలో వచ్చింది. బ్రూస్ మేయర్స్ అనే ఆయన చేసిన మేయర్స్ మాంక్స్ బగ్గీ దానికి కారణం. ఆ తర్వాత బగ్గీలు, పోర్షే 356 స్పీడ్‌స్టర్‌ను పోలిన బాడీలు, పైకి రేసు కార్లలా కనిపించేవి ఎన్నో వచ్చాయి. పైన ఏ బాడీ ఉన్నా వెనక వేలాడేది ఒకటే: గాలితో చల్లబడే, 1584 సీసీ దగ్గర ఆగిపోయిన, 50 హార్స్‌పవర్ ఇంజిన్. దాని చప్పుడంటే నాకూ ఇష్టమే. ఎత్తు రోడ్డు ఎక్కేటప్పుడు మాత్రం ఆ ఇష్టం కాస్త తగ్గుతుంది.

అందుకే చాలామంది నీళ్లతో చల్లబడే సుబారు ఈజె22 ఇంజిన్ వైపు చూస్తారు. 2.2 లీటర్లు, సుమారు 130 హార్స్‌పవర్, టార్కు 185 న్యూటన్ మీటర్ల దాకా. పాత ఇంజిన్ టార్కు 106 దగ్గరే ఆగేది. మీరు ఆ దారిలో ఉంటే మొదటే ఒక మాట. గేర్‌బాక్స్‌కు ఇంజిన్ తగిలించడం ఒక శనివారం పని. ఆ ఇంజిన్ నీళ్లు ముందుకు వెళ్లి చల్లబడి వెనక్కి వచ్చే దారి వేయడానికే అసలు నెలలు పడతాయి. కాబట్టి కొలతలు మొదలుపెట్టే రోజునే రేడియేటర్ ఎక్కడ కూర్చుంటుందో తేల్చుకోండి. ఆ జవాబు లేకుండా ఇంజిన్ కొనకండి.

1. ఇంజిన్ ఎంచుకోవడం

సుబారునే ఎందుకు? దాని సిలిండర్లు కూడా బీటిల్‌లాగే రెండు పక్కలా పడుకుని ఉంటాయి కాబట్టి పొడవు తక్కువ, బరువు కిందికి ఉంటుంది. అంతకన్నా ముఖ్యం తిరిగే దిశ. పుల్లీ వైపు నిలబడి చూస్తే రెండు ఇంజిన్లూ గడియారం ముల్లులాగే తిరుగుతాయి. హోండా పాత బి, డి సిరీస్ ఇంజిన్లు దీనికి ఎదురు తిరుగుతాయి. అలాంటిదాన్ని నేరుగా తగిలిస్తే నాలుగు గేర్లు వెనక్కి, ఒక గేరు ముందుకు వస్తుంది.

ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ కూడా 1982లో తన వ్యాన్ల కోసం నీళ్లతో చల్లబడే బాక్సర్ (సిలిండర్లు రెండు పక్కలా పడుకున్న) ఇంజిన్ తెచ్చింది. బెల్‌హౌసింగ్ (క్లచ్‌ను కప్పి ఉండే గేర్‌బాక్స్ మూతి) బోల్టుల వరస పాతదే కాబట్టి రెంటినీ కలిపే అడాప్టర్ ప్లేటు అక్కర్లేదు. హెడ్ దగ్గర నీళ్లు కారే జబ్బు దానికి పేరు తెచ్చిపెట్టింది, శక్తి కూడా సుబారు అంత రాదు. మంచిది చేతికి చిక్కితే వద్దనను. వెతుక్కుంటూ మాత్రం వెళ్లను.

సుబారులో 2.2నా, 2.5నా? నా ఓటు 1990ల మొదట్లో వచ్చిన 2.2కే. ఆ ఇంజిన్లో టైమింగ్ బెల్టు తెగినా పిస్టన్లు వాల్వులను తాకవు. 2.5లో బెల్టు తెగితే వాల్వులు వంగిపోతాయి. హెడ్ గ్యాస్కెట్ గొడవ కూడా 2.5కే ఎక్కువ.

ఒక్క విడి ఇంజిన్ కాకుండా, వీలైతే మొత్తం కారు కొనండి. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), వైరింగ్ గుత్తి, సెన్సర్లు, రిలేలు, ఇంధన పంపు, రేడియేటర్ ఫ్యాన్లు, చిన్నచిన్న బ్రాకెట్లు అన్నీ దానిలోనే ఉంటాయి. ఏనుగును కొని అంకుశానికి వెనకాడితే, తర్వాత ఒక్కో సెన్సరు కోసం ఒక్కో వారం తిరగాలి. ఆ కారు నడిచే స్థితిలో ఉంటే ఇంకా మంచిది: విప్పకముందే ఒక గంట నడిపి, సూది ఎక్కడ నిలబడుతుందో, పొగ ఏ రంగులో ఉందో, రేడియేటర్లో బుడగలు వస్తున్నాయో లేదో చూసుకోవచ్చు.

ఇంజిన్ మార్పును రిజిస్ట్రేషన్‌లో ఎలా నమోదు చేయాలో, పొగ పరీక్షకు ఇంజిన్ వయసు చూస్తారా కారు వయసు చూస్తారా అన్నది మీ రవాణా అధికారులను ఇప్పుడే అడగండి. కారు పూర్తయ్యాక అడిగితే లాభం లేదు.

2. ఇంజిన్ స్టాండు మీద ఉండగానే

ఒకసారి వెనక ఇరికించాక ఈ ఇంజిన్ ముఖం కూడా సరిగ్గా కనిపించదు. బెల్టు, టెన్షనర్, ఐడ్లర్లు, వాటర్ పంపు, థర్మోస్టాట్ (వేడిని బట్టి నీళ్ల దారి తెరిచే వాల్వు), క్రాంక్ వెనక సీలు ఇప్పుడే మార్చేయండి. ఫ్లైవీల్ వెనకాల ఆయిల్ సెపరేటర్ మూత ఒకటి ఉంటుంది. పాత ఇంజిన్లలో అది ప్లాస్టిక్‌ది, వేడికి వంగి నూనె కారుస్తుంది. లోహపుది వేయండి. ఈ చిన్న మూత కోసం ఇంజిన్ మళ్లీ దింపాల్సి వస్తే ఎంత ఒళ్లు మండుతుందో నాకు తెలుసు.

ఆయిల్ చాంబర్ సంగతి కూడా ఇక్కడే తేల్చాలి. సుబారు చాంబర్ లోతు ఎక్కువ, బగ్గీ కింద రాళ్లకు తగిలేది అదే. చాలామంది దాన్ని కోసి పొట్టి చేసి, పోయిన నూనెకు బదులుగా రెండు పక్కలా రెక్కలు వెల్డింగ్ చేయిస్తారు. చాంబర్ పొట్టి చేస్తే లోపలి పికప్ గొట్టాన్ని కూడా అంతే పొట్టి చేయాలి. జల్లెడకూ అడుగుకూ మధ్య ఒక వేలి మందం కన్నా కాస్త తక్కువ ఖాళీ ఉండాలి. మరీ ఆనితే నూనె అందదు, మరీ దూరమైతే మలుపులో గాలి పీలుస్తుంది. మట్టి ముద్దతో కొలవడం సులువు: జల్లెడకు ముద్ద అంటించి, చాంబర్ బిగించి, విప్పి, నలిగిన మందం చూడండి. తర్వాత ముద్ద ఆనవాలు లేకుండా కడిగేయండి.

3. గేర్‌బాక్స్‌తో జత

అడాప్టర్ ప్లేటు, దానికి సరిపడే ఫ్లైవీల్ కలిపి ఒకే సెట్టుగా దొరుకుతాయి. విడివిడిగా కొని జత చేసే ప్రయత్నం వద్దు. మీ గేర్‌బాక్స్ 6 వోల్టుల కాలందా, 12 వోల్టులదా చూసుకోండి. పాత 6 వోల్టుల ఫ్లైవీల్‌కు 109 పళ్లు, 12 వోల్టులదానికి 130. పాత బెల్‌హౌసింగ్‌లో పెద్ద ఫ్లైవీల్ తిరగాలంటే లోపల కొంత గ్రైండింగ్ తప్పదు. సెల్ఫ్ మోటారు, దాని బుష్ కూడా పళ్ల లెక్కకు సరిపడాలి.

ప్లేటు బిగించాక అసలు పరీక్ష ఇది. ఫ్లైవీల్‌కు డయల్ గేజ్ తగిలించి, దాని ముల్లు బెల్‌హౌసింగ్ మధ్య రంధ్రం అంచు మీద ఆనేలా పెట్టి, క్రాంకును చేత్తో ఒక చుట్టు తిప్పండి. ముల్లు మొత్తం 0.13 మి.మీ. కన్నా ఎక్కువ ఊగితే రెండు షాఫ్టులూ ఒకే గీత మీద లేవని అర్థం. అలాగే బిగించేస్తే మొదటి నెలంతా బాగానే నడుస్తుంది. తర్వాత పైలట్ బేరింగ్ అరుస్తుంది, గేరు పట్టుకుంటుంది, చివరికి ఇన్‌పుట్ షాఫ్టు సీలు పోతుంది. డోవెల్ పిన్నుల దగ్గర సరిచేయించుకోండి. బోల్టులు ఎంత బిగించినా ఈ తేడా పోదు.

జత చేసేటప్పుడు రెండు ముఖాలూ చేత్తో నెట్టితే కలవాలి. చివరి సెంటీమీటరు బోల్టులతో లాగాల్సి వస్తే ఆగిపోండి, లోపల ఏదో అడ్డుపడుతోంది. ఎక్కువసార్లు అది క్లచ్ ప్లేటు మధ్యలో లేకపోవడమే.

గేర్ల లెక్క కూడా చూడండి. బీటిల్ ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ చివర చక్రాలకు వెళ్లే పళ్ల నిష్పత్తి) 4.375, 4.125, 3.875 ఇలా రకరకాలు. టాప్ గేరు 0.89, చక్రం ఎత్తు 65 సెం.మీ. అనుకుంటే గంటకు 100 కి.మీ. దగ్గర 4.375తో ఇంజిన్ 3,200 చుట్లు తిరుగుతుంది, 3.875తో 2,800. సుబారు టార్కుకు పొడవాటి గేరే హాయి. ఈ గేర్‌బాక్స్ 50 హార్స్‌పవర్ కోసం పుట్టిందన్న సంగతి మాత్రం మీ కుడి కాలికి గుర్తుండాలి. నిలబడి ఉన్న కారులో క్లచ్ ఒక్కసారిగా వదిలి టైర్లు గిరగిరా తిప్పే సరదా ఉంటే గేర్లను గట్టివాటితో మార్పించండి.

సుబారు గేర్‌బాక్స్ కూడా వాడేద్దామా అనే ఆలోచన వస్తుంది. ఇంజిన్ చక్రాల ఇరుసుకు వెనక ఉండే కారులో మొత్తం జత 180 డిగ్రీలు తిరిగి కూర్చుంటుంది, చక్రాలు ఎదురు తిరుగుతాయి. దానికి క్రౌన్, పినియన్ తిరగేసిన ప్రత్యేక సెట్టు కావాలి. ఇంజిన్ ఇరుసుకు ముందు, సీట్ల వెనక కూర్చునే కిట్ కారులో అయితే ఈ బాధ లేదు.

బీటిల్ ఇంజిన్ నాలుగు బోల్టుల మీద గేర్‌బాక్స్‌కు వేలాడేది, వెనక ఆధారమే ఉండదు. సుబారు అంతకన్నా బరువు. ఛాసీ వెనక కొమ్ముల నుంచి ఒక అడ్డ కమ్మీ వేసి, రబ్బరు మౌంటింగ్ మీద ఇంజిన్ వెనక భాగాన్ని నిలబెట్టండి. అదే సమయంలో గేర్‌బాక్స్ రబ్బర్లు కూడా కొత్తవి వేయండి.

4. నీళ్ల దారి

తీరిగ్గా చేయాల్సిన భాగం ఇదే.

ఇంధనంలోని శక్తిలో ఉరమరగా మూడోవంతు చక్రాలకు, మూడోవంతు సైలెన్సర్లోకి, మూడోవంతు నీళ్లలోకి పోతుంది. అంటే ఇంజిన్ ఎంత శక్తి ఇస్తోందో దాదాపు అంతే వేడిని రేడియేటర్ బయటికి తోలాలి. డోనర్ కారు (ఇంజిన్ కోసం కొన్న కారు) రేడియేటర్ ఆ పనికి సరిపోతుంది, దానికి తగినంత గాలి అందితే. కిట్ కారుతో చిక్కంతా అక్కడే. గాలి ఇంజిన్ కోసం గీసిన ముక్కుకు రంధ్రమే ఉండదు.

వెనకాల, ఇంజిన్ పక్కనే పెడితే పైపులు పొట్టిగా ఉంటాయి, నిజమే. కానీ అక్కడ దొరికేది దుమ్ము, ఇంజిన్ వదిలిన వేడి గాలి, పూర్తిగా ఫ్యాన్ మీద ఆధారం. నేను ముందే పెడతాను. ముందు బరువు కొంచెం పెరగడం ఈ కార్లకు మేలు కూడా. ముక్కు కింద నోరు తెరిచి, అక్కడి నుంచి రేడియేటర్ అంచుల దాకా అల్యూమినియం రేకుతో గొట్టంలా కట్టి, సందులన్నీ ఫోమ్‌తో మూసేయండి. వేలు దూరే సందు కనిపిస్తే గాలి అటే పోతుంది, రేడియేటర్ రెక్కల మధ్య నుంచి ఎందుకు పోతుంది?

లోపలికి రావడం కన్నా బయటికి పోవడం గాలికి కష్టం. చాలామంది ముందు పెద్ద నోరు తెరిచి, వెనక దారి మర్చిపోతారు. పెట్రోలు ట్యాంకు, ఫైబర్ గోడ, స్పేర్ టైరు మధ్య గాలి ఇరుక్కుపోయి నిలిచిపోతుంది. బయటి దారి లోపలి దారి కన్నా పెద్దదిగా ఉండాలి. అది చక్రాల గూటిలోకి గానీ కారు కిందికి గానీ తెరుచుకోవాలి. ముందు అద్దం అడుగున తెరవకండి, నడిచేటప్పుడు అక్కడ గాలి ఒత్తిడి ఎక్కువ, వేడి గాలి బయటికి రాదు.

ఫ్యాన్ రేడియేటర్ వెనక ఉండి లాగేలా పెట్టండి. ముందు నుంచి తోసే ఫ్యాన్ నడిచే కారుకు అడ్డంకి అవుతుంది.

ఇక పైపులు. స్టెయిన్‌లెస్ గానీ అల్యూమినియం గానీ, లోపలి వ్యాసం 32 మి.మీ. తగ్గకూడదు. బీటిల్ మధ్య సొరంగం పక్కన, కింద రాయి తగలని ఎత్తులో నడిపించండి. రెండు చివర్లా పెదవి తిప్పించాలి, లేదంటే ఒత్తిడికి హోస్ జారి ఊడుతుంది. మలుపులకు రబ్బరు మోచేతులు వాడితే సరే గానీ ఎన్ని జాయింట్లు ఉంటే అన్ని కారే చోట్లు. దారి మధ్యలో ఎక్కడా ఒంటె మూపురంలా పైకి లేవకూడదు. లేచిన చోట గాలి బుడగ కాపురం పెడుతుంది. లేవక తప్పకపోతే అక్కడ గాలి వదిలే బ్లీడ్ స్క్రూ ఒకటి పెట్టండి.

పోను, రాను కలిపి 6 మీటర్ల పైపు పడితే దానిలోనే దాదాపు 5 లీటర్లు పడతాయి. ఇంజిన్, రేడియేటర్ కలిస్తే మొత్తం డోనర్ కారులో ఉన్నదాని కన్నా చాలా ఎక్కువ. అంత కూలెంట్ వేడెక్కితే అర లీటరు దాకా ఉబ్బుతుంది. కాబట్టి పైన కనీసం లీటరు గాలి మిగిలేంత ఎక్స్‌పాన్షన్ ట్యాంకు కావాలి. అది మొత్తం వ్యవస్థలో అన్నిటికన్నా ఎత్తున ఉండాలి. రేడియేటర్ పై మూల నుంచి, ఇంజిన్ పై పైపు నుంచి సన్నటి 6 మి.మీ. గొట్టాలు దానిలోకి వేస్తే పట్టుబడ్డ గాలి తనంతట తానే బయటపడుతుంది. 15 పీఎస్‌ఐ మూతతో వట్టి నీళ్లు కూడా 120 డిగ్రీల దాకా మరగవు. సగానికి సగం గ్లైకాల్ కలిపితే ఇంకా పైన. ఇంజిన్ అల్యూమినియం, తుప్పు ఆపే మందు గ్లైకాల్ కూలెంట్‌లోనే ఉంటుంది. వట్టి కొళాయి నీళ్లతో నడపకండి.

థర్మోస్టాట్ విషయంలో నేను తిన్న దెబ్బ చెప్తాను. బగ్గీకి హీటరు ఎందుకులే అని హీటరు గొట్టాలు రెండిటికీ మూతలు బిగించాను. సూది 105 దాకా ఎక్కేది, ఉన్నట్టుండి 70కి పడిపోయేది, మళ్లీ ఎక్కేది. రేడియేటర్ మీద అనుమానపడి మార్చాను, ఫ్యాన్ మార్చాను, ఫలితం లేదు. తప్పు నాదే. ఈజె ఇంజిన్లో థర్మోస్టాట్ వేడి నీళ్లు బయటికొచ్చే చోట ఉండదు, చల్లటి నీళ్లు లోపలికొచ్చే చోట, వాటర్ పంపు ముందు ఉంటుంది. 76-80 డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలై 91కి పూర్తిగా తెరుచుకుంటుంది. ఇంజిన్ వేడెక్కిందన్న కబురు దానికి మోసుకొచ్చేవి హీటరు నుంచి తిరిగొచ్చే నీళ్లే. ఆ దారి మూసేస్తే కబురు ఆలస్యంగా అందుతుంది, ఒక్కసారిగా తెరుచుకుంటుంది, ముందు నుంచి చల్లటి నీళ్లు వచ్చి తగలగానే మళ్లీ మూసుకుంటుంది. హీటరు వద్దనుకుంటే ఆ రెండు చోట్లనూ ఒక గొట్టంతో కలిపేయండి. మూయకండి.

ఇంకో చిన్న మాట. ఉష్ణోగ్రత సెన్సరు నీళ్లలో మునిగి ఉన్నంతసేపే నిజం చెబుతుంది. హోస్ ఊడి నీళ్లన్నీ పోతే అది గాలిలో వేలాడుతూ చల్లటి అంకె చూపిస్తుంది, ఇంజిన్ కాలిపోతుంటుంది. ట్యాంకులో నీటి మట్టం తగ్గితే వెలిగే దీపం ఒకటి పెట్టుకోండి.

5. పెట్రోలు

కార్బురేటర్‌కు 0.2-0.3 బార్ ఒత్తిడి చాలు, ఇంజెక్షన్‌కు 3 బార్ కావాలి. పాత రబ్బరు గొట్టాలు ఒక్కటి కూడా మిగల్చకండి. ఎస్‌ఏఈ జె30ఆర్9 అని అచ్చు వేసిన ఇంజెక్షన్ గొట్టం, దానికి తగ్గ నున్నటి క్లిప్పులు వాడాలి. స్క్రూ పళ్లు రబ్బరును కోసే మామూలు క్లిప్పులు ఇక్కడ పనికిరావు.

బీటిల్ ట్యాంకు లోపల అడ్డుగోడలు లేవు. సగం ఖాళీ అయ్యాక గట్టిగా బ్రేకు వేస్తే పెట్రోలు ఒక పక్కకు పోయి, గొట్టం గాలి పీలుస్తుంది. కార్బురేటర్‌లో గిన్నె ఉండేది కాబట్టి అప్పుడు తెలిసేది కాదు. ఇంజెక్షన్‌లో వెంటనే ఇంజిన్ తడబడుతుంది. లీటరు పట్టే చిన్న ఉప ట్యాంకు మధ్యలో పెట్టి, తక్కువ ఒత్తిడి పంపుతో దాన్ని నింపుతూ, ఎక్కువ ఒత్తిడి పంపుతో దాని నుంచి ఇంజిన్‌కు పంపండి. ఇంజిన్ నుంచి మిగులు పెట్రోలు దానిలోకి, దాని మిగులు పెద్ద ట్యాంకులోకి.

6. వైరింగ్

డోనర్ కారు గుత్తిని టేబుల్ మీద పరిచి, సర్క్యూట్ పటం ముందు పెట్టుకుని, ఇంజిన్‌కు అక్కర్లేని తీగలను ఒక్కొక్కటిగా లాగేయండి. ప్రతి తీగకూ చీటీ కట్టాకే కత్తెర పట్టండి. వేగం సెన్సరు సంకేతం, గేరు న్యూట్రల్ స్విచ్చు లాంటివి ఈసీయూ అడుగుతుంది, వాటిని ఉంచండి. కొత్త మోడళ్లలో ఇమ్మొబిలైజర్ (అసలు తాళం చెవి లేకుండా ఇంజిన్ స్టార్టు కానివ్వని ఏర్పాటు) ఉంటుంది. అసలు తాళం చెవి, దాని రిసీవర్ డోనర్ కారుతో పాటే తెచ్చుకోండి.

ఫైబర్ బాడీలో కరెంటు నడవదు. ఇనుప కారులో బాడీకి తగిలిస్తే చాలు ఎర్త్ దొరికేది. ఇక్కడ ప్రతి దీపానికీ, ఫ్యాన్‌కూ, పంపుకూ ఛాసీ దాకా సొంత ఎర్త్ తీగ లాగాలి. ఇంజిన్‌కూ ఛాసీకీ మధ్య మందపాటి పట్టీ వేయండి. కిట్ కార్లలో కనిపించే అంతుచిక్కని జబ్బుల్లో సగం ఎర్త్ జబ్బులే అని నా అనుభవం.

ఫ్యాన్‌కు, పంపులకు వేర్వేరు రిలేలు, ఫ్యూజులు. ఇంజిన్ ఆగితే పంపు ఆగాలి. గుద్దితే పెట్రోలు ఆపే ఇనర్షియా స్విచ్చు డోనర్ కారులో లేకపోతే విడిగా కొని పెట్టండి.

7. నడిపే ముందు ఆపడం

వేగం రెట్టింపైతే బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగు రెట్లు. నాలుగు చక్రాలకూ పాత డ్రమ్ములు ఉన్న కారుకు ఈ ఇంజిన్ పెట్టి రోడ్డెక్కకండి. ముందు డిస్కులు తప్పనిసరి. వెనక స్వింగ్ ఆక్సిల్ (గేర్‌బాక్స్ దగ్గర మాత్రమే మడిచే ఇరుసు) ఉన్న పాత ఛాసీ అయితే ఇంకో జాగ్రత్త: మలుపులో గబుక్కున యాక్సిలరేటర్ వదిలితే వెనక భాగం లేచి, చక్రాలు లోపలికి ముడుచుకుంటాయి. బరువు పెరిగాక ఆ గుణం ఇంకా ముదురుతుంది. ఐఆర్‌ఎస్ (వెనక చక్రాలకు ఇండిపెండెంట్ సస్పెన్షన్) ఛాసీ దొరికితే అదే మేలు.

8. మొదటి స్టార్టు

మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకోండి. ఇంజెక్టర్ల ప్లగ్గులు, స్పార్కు ప్లగ్గులు తీసేసి, నూనె ఒత్తిడి దీపం ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి. ఆపై పంపు ఆన్ చేసి ఇంధన జాయింట్లన్నీ చేత్తో తడిమి చూడండి.

నీళ్లు పోసేటప్పుడు, పోసే మూత ఏ చివర ఉంటే ఆ చివర జాకీతో ఎత్తి, స్టాండ్లు వేయండి. హీటరు తిప్పు పూర్తి వేడి వైపు. మెల్లగా పోయండి, బ్లీడ్ స్క్రూల దగ్గర బుడగలు ఆగి ధారగా వచ్చాక బిగించండి. స్టార్టు చేసి ఐడ్లింగ్‌లోనే ఉంచి, ముందుకు వెళ్లే పైపు మీద, తిరిగొచ్చే పైపు మీద చెయ్యి పెట్టి చూస్తూ ఉండండి. మొదటిది వేడెక్కి రెండోది చల్లగానే ఉంటే థర్మోస్టాట్ ఇంకా తెరుచుకోలేదు. సూది 95 దాటినా రెండోది చల్లగానే ఉంటే లోపల గాలి ఉంది. ఆపి, చల్లారాక మళ్లీ గాలి తీయండి. వేడి మీద మూత తిప్పకండి, ముఖం కాలుతుంది.

ఫ్యాన్ రెండుసార్లు తనంతట తాను తిరిగి ఆగేదాకా కారు కదపకండి. తర్వాత ఇంటి చుట్టుపక్కల పది నిమిషాలు, ఆపై చల్లారాక ట్యాంకు మట్టం చూసి మళ్లీ అరగంట. మొదటి వారం రెండు మూడుసార్లు నీళ్లు కలపాల్సి వస్తుంది. అది ఎక్కడో దాక్కున్న గాలి బయటపడటమే. రెండో వారం కూడా తగ్గుతూ ఉంటే అది కారడం. 500 కి.మీ. అయ్యాక అడాప్టర్ ప్లేటు బోల్టులు, అడ్డ కమ్మీ బోల్టులు, ప్రతి హోస్ క్లిప్పు చల్లటి ఇంజిన్ మీద మరోసారి బిగించండి. క్లిప్పులు తప్పకుండా అర చుట్టు తిరుగుతాయి.